పైప్ బ్యాండులో స్కాట్లండ్ పాలెంత, సైన్యం పాలెంత, మన తిత్తి పాలెంత?

ప్రశ్న: కావలి వ్యాయామ ఉపాధ్యాయుడు

సభ్యులందరికీ నమస్కారం. కావలిలో ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నేను వ్యాయామ ఉపాధ్యాయుడిని. జనవరి 29న ఢిల్లీ విజయ్ చౌక్‌లో జరిగిన బీటింగ్ రిట్రీట్ అనే సైనిక బ్యాండుల ప్రదర్శనను మా కరస్పాండెంటు గారు టీవీలో చూసి, ఆగస్టు 15 నాటికి మన పిల్లలు కూడా అలాగే పైపులు ఊదుతూ నడవాలని పట్టుబట్టారు. ఆ మాట అన్న నెల తిరగకముందే ఉత్తరాది నుంచి ఎనిమిది బ్యాగ్ పైపులు (సంచికి గొట్టాలు బిగించిన ఊదుడు వాద్యాలు), నాలుగు సైడ్ డ్రమ్ములు, ఒక బేస్ డ్రమ్ము పెట్టెల్లో దిగాయి. వాటి వెంట ఎనిమిది గళ్ళ పావడాలు కూడా వచ్చాయి. నేర్పే మనిషి మాత్రం రాలేదు. నేను డ్రిల్లు చేయించగలను, విజిల్ ఊదగలను. అంతకు మించి సంగీతంతో నాకు పరిచయం లేదు.

వీడియోలు చూసి నేను కొంత నేర్చుకుని, తొమ్మిదో తరగతి పిల్లల చేత రెండు నెలలుగా సాధన చేయిస్తున్నాను. ఎనిమిది పైపులూ ఎనిమిది శృతుల్లో పలుకుతున్నాయి. ఒక పిల్లవాడికి సంచి నింపేసరికే ఊపిరి అయిపోయి, పాట మొదలు కాకముందే చతికిలబడుతున్నాడు. పావడాలు కట్టుకోమంటే మగపిల్లలు సైకిలు స్టాండు వెనక దాక్కుంటున్నారు. "గళ్ళ లుంగీ అయితే మా నాయనదే ఉంది సార్, అది కట్టుకొస్తా" అని ఒకడు నా ముఖం మీదే అన్నాడు.

ఇదిలా ఉండగా, మా హాస్టల్ వంటశాలలో పనిచేసే పెద్దాయన ఒకరు మొన్న గరిటె పక్కన పెట్టి వచ్చి, సంచిని అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది తిత్తి గదా సారూ, మా చిన్నప్పుడు భాగోతాలోళ్ళ దగ్గర ఉండేది, కాకపోతే దానికి ఇన్ని గొట్టాలు లేవు" అన్నారు. అప్పటి నుంచి నా ఆలోచన వేరే దారి పట్టింది. దీనిని స్కాట్లండ్ వారి ప్రాచీన వారసత్వమని పిల్లలకు చెబుతున్నాను. అది ఎంతవరకు నిజం? మన సైన్యంలోకి ఇది ఎలా వచ్చింది? ఆ పావడా లేకుండా పైపు ఊదడం తప్పవుతుందా? అన్నిటికన్నా ముందు, ఈ ఎనిమిదింటినీ ఒక్క శృతిలోకి తేవడం ఎలా? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

సమాధానం: పొదిలి మాజీ సైనికుడు

మాస్టారు గారికి నమస్కారం. నేను పదాతి దళంలో పదహారేళ్ళు పైపరుగా ఉండి హవల్దారుగా పదవీ విరమణ చేశాను. ఇప్పుడు పొదిలి దగ్గర శనగ, కంది పండించుకుంటున్నాను. మీ చివరి ప్రశ్ననే ముందుగా అందుకుంటాను, ఎందుకంటే శృతి కలవని పైప్ బ్యాండు ముందు ఏ చరిత్ర చెప్పినా ఎవరికీ వినబడదు.

ముందు పిల్లల చేతుల్లోంచి ఆ పైపులు తీసుకుని మళ్ళీ పెట్టెల్లో పెట్టేయండి. ఏ రెజిమెంటులోనూ కొత్తవాడికి మొదటిరోజే సంచి ఇవ్వరు. ప్రాక్టీసు చాంటర్ అని పిల్లనగ్రోవి లాంటి గొట్టం ఒకటి ఉంటుంది. దానికి సంచి ఉండదు, శబ్దం తక్కువ, ధర కూడా తక్కువ. వేళ్ళు కుదిరేదాకా, అంటే కనీసం ఆరు నెలలు, మా ఉస్తాదు మా చేత దానినే ఊదించారు. బ్యాగ్ పైపులో రెండు స్వరాల మధ్య గాలిని ఆపడం కుదరదు, శబ్దాన్ని పెంచడమూ తగ్గించడమూ కుదరదు. ఒకే స్వరం రెండుసార్లు వాయించాలంటే మధ్యలో వేలితో రెప్పపాటు కాలం వేరే స్వరాన్ని తాకి రావలసిందే. ఆ తాకుళ్ళే పైపు సంగీతానికి ప్రాణం. వాటిని సంచితో పాటు నేర్వబోతే ఊపిరీ నిలవదు, వేళ్ళూ కుదరవు.

పిల్లలు చాంటర్ నేర్చుకుంటున్న ఆ కాలంలో మీరు సంచులను పరీక్షించండి. సంచికి ఐదు కొయ్య గూళ్ళు కట్టి ఉంటాయి, వాటిని స్టాకులు అంటారు: ఊదే గొట్టానికి ఒకటి, కింద పాట పలికే చాంటర్‌కు ఒకటి, భుజం మీద ఎడతెగని ఒకే నాదం ఇచ్చే డ్రోన్లు అనే గొట్టాలకు మూడు. ఊదే గొట్టాన్ని ఉంచి, మిగిలిన నాలుగింటికీ బిరడాలు బిగించి, సంచి రాయిలా గట్టిపడేదాకా ఊది చంకలో పెట్టుకుని నొక్కండి. కాసేపటికే మెత్తబడితే ఎక్కడో గాలి పోతున్నట్టు. ఊపిరి చాలడం లేదని మీరు అనుకున్న ఆ అబ్బాయి తప్పు బహుశా ఏమీ ఉండదు; వాడు కారే కుండలో నీళ్ళు నింపుతున్నాడు. కీళ్ళ దగ్గర చుట్టిన దారం వదులైతే తేనెమైనం పట్టించిన దారం మళ్ళీ చుట్టాలి. సంచి తోలుదైతే కుట్ల వెంట లోపల పూత పట్టించాలి. సింథటిక్ సంచి అయితే ఆ బాధ లేదు.

గాలి నిలిచాక శృతి సంగతి చూడాలి. ముందు చాంటర్లు, ఆ తర్వాతే డ్రోన్లు. చాంటర్ రీడును, అంటే ఊపిరికి కంపించి పలికే పీకను, గూటిలోకి కొంచెం దిగనొక్కితే శృతి పెరుగుతుంది, పైకి లాగితే తగ్గుతుంది. ఒక్క స్వరమే ఎక్కువగా పలుకుతుంటే ఆ రంధ్రం పై అంచున సన్నని టేపు ముక్క అతికిస్తే అది దిగి దారికి వస్తుంది. చాంటర్లన్నీ కలిశాక డ్రోన్లను చూడాలి. డ్రోను పైముక్కను పైకి జరిపితే శృతి దిగుతుంది, కిందికి దించితే ఎక్కుతుంది. మనలాంటి చోట మరో జాగ్రత్త కూడా కావాలి: నీడలో గదిలో కలిపిన శృతి ఎండలోకి రాగానే మారిపోతుంది, ఎందుకంటే వేడికి చాంటర్ శృతి డ్రోన్ల శృతికన్నా ఎక్కువగా లేస్తుంది. కాబట్టి పిల్లలు ఎక్కడ నడుస్తారో అక్కడే నిలబెట్టి, పది నిమిషాలు ఊదించి, రీడ్లు కాస్త తడిసి వెచ్చబడ్డాక కలపండి. మేము పరేడ్ మైదానం అంచునే శృతి చేసుకునేవాళ్ళం.

మొదలుపెట్టే పద్ధతి కూడా చెబుతాను, ఎందుకంటే చూసేవారు పైప్ బ్యాండు మంచిదో కాదో తేల్చేది అక్కడే. డ్రమ్ములు మూడు అడుగులు వేసేంత సేపు ఎడతెగని మోత రెండుసార్లు కొడతాయి, దానిని రోల్ అంటారు. మొదటి రోలుకు అడుగు పడుతుంది. రెండో రోలుకు పైపర్లందరూ సంచి మీద ఒక్కసారే దెబ్బ వేస్తారు, డ్రోన్లు మేలుకుంటాయి. ఆ వెంటనే చాంటర్ మీద ఒక్క స్వరం అందరి నుంచీ కలిసి రావాలి, దాని మీదే పాట ఎక్కాలి. సంచి మెత్తగా ఉన్నవాడి డ్రోను పిల్లి అరిచినట్టు మూలుగుతుంది. మా పైప్ మేజర్ ఆ మూలుగు వింటే ఆ పూట ఆ పైపరుకు టీ కూడా ఉండేది కాదు.

పావడా విషయంలో నిశ్చింతగా ఉండండి. సిక్కు, గూర్ఖా, గఢ్వాల్, పంజాబ్ రెజిమెంట్లకూ, వెల్లింగ్టన్‌లోని మద్రాస్ రెజిమెంటల్ సెంటర్‌కూ పైప్ బ్యాండులున్నాయి. మన పైపర్లు ప్యాంటే తొడుగుతారు, తలకు తమ రెజిమెంటు పాగానో టోపీనో పెడతారు. స్కాట్లండ్ గుర్తుగా భుజం మీద గళ్ళ ఉత్తరీయం, సంచికి గళ్ళ తొడుగు, డ్రోన్లకు రిబ్బన్లు మాత్రం ఉంటాయి. మేము అలాగే ఢిల్లీ చలిలోనూ రాజస్థాన్ ఎండలోనూ నడిచాం.

సమాధానం: ఒంగోలు ఆడపడుచు, ఎడిన్‌బరో

మాస్టారు గారికి, హవల్దారు గారికి నమస్కారాలు. నేను ఒంగోలులో పుట్టి పెరిగి, పదకొండేళ్ళుగా ఎడిన్‌బరోలో నర్సుగా పనిచేస్తున్నాను. ఆగస్టు వచ్చిందంటే సాయంత్రం డ్యూటీ ముగించుకుని బస్సు దిగేసరికి కోట వైపు నుంచి పైపుల హోరు గాలిలో తేలి వస్తుంటుంది. 1950లో మొదలై, ఏటా ఆగస్టులో కోట ముందరి మైదానంలో మిలిటరీ టాటూ అనే ప్రదర్శన జరుగుతోంది. టాటూ అన్నది డచ్చి భాష నుంచి వచ్చిన మాట. చీకటి పడగానే సారాయి పీపాల కుళాయిలు కట్టేసి సైనికులను గుడారాలకు పంపమని డ్రమ్ము కొట్టి చెప్పేవారట, ఆ పిలుపే తర్వాత ఉత్సవమైంది. మన బీటింగ్ రిట్రీట్ కూడా పొద్దు వాలాక సైనికులను వెనక్కి పిలిచే డ్రమ్ము పిలుపు నుంచి పుట్టినదే, కాబట్టి అవి రెండూ అక్కాచెల్లెళ్ళ వంటివి. వందలమంది పైపర్లు వెళ్ళిపోయాక, దీపాలన్నీ ఆర్పి, కోట బురుజు మీద ఒక్క పైపరును మాత్రం వెలుగులో నిలబెడతారు. నేను నాలుగుసార్లు చూశాను; నాలుగుసార్లూ ఆ మైదానంలో జనం దగ్గడం కూడా మానేశారు.

ఇక ప్రాచీన వారసత్వమని చెప్పవచ్చా అన్న ప్రశ్న గురించి. ఇక్కడికి వచ్చిన కొత్తలో నేను కూడా కిల్టు (ఆ గళ్ళ పావడా), టార్టాన్ (ఆ గళ్ళ నేత), పైప్ బ్యాండు అన్నీ కలిపి వెయ్యేళ్ళ నాటి ఒకే మూట అనుకున్నాను. నిజానికి ఆ మూటలో వేర్వేరు కాలాల సరుకు ఉంది.

అందులో అన్నిటికన్నా లోతైనది పైపు సంగీతం. ఉత్తరాన ఉన్న హైలాండ్స్‌లో చాలామంది తెగ నాయకులకు వంశపారంపర్యంగా పైపర్లు ఉండేవారు. స్కై దీవిలో డన్‌వేగన్ కోటను ఏలిన మెక్లౌడ్ నాయకులకు మెక్రిమన్ కుటుంబం తరతరాలుగా ఆస్థాన పైపర్లుగా ఉండి, బోరెరేగ్ అనే ఊళ్ళో శిష్యులకు నేర్పింది. వారు వాయించిన పెద్ద సంగీతాన్ని హైలాండ్స్ భాష అయిన గేలిక్‌లో కియోల్ మోర్ అంటారు. అందులో ఉర్లార్, అంటే నేల, అనే నిదానమైన మూల వరుస ఒకటి ఉంటుంది. దాని మీద ఒకదానికన్నా ఒకటి చిక్కనైన అల్లికలు పేర్చుకుంటూ పోయి, చివరికి మళ్ళీ ఆ నేల మీదికే దిగుతారు. ఇది కవాతు సంగీతం కాదు. ఒక్కడే నిలబడి, నెమ్మదిగా అడుగులు వేస్తూ వాయించేది. ఒక్కో రచన పావుగంట కూడా సాగుతుంది. ఓబన్‌లోనూ ఇన్వర్‌నెస్‌లోనూ ఏటా జరిగే పోటీల్లో బంగారు పతకం ఇప్పటికీ ఈ సంగీతానికే ఇస్తారు.

తర్వాతిది సైన్యం. 1746లో కలోడెన్ యుద్ధంలో, బ్రిటిష్ ప్రభుత్వంపై తిరగబడిన హైలాండ్ సేనలు ఓడిపోయాక వచ్చిన చట్టం ఆయుధాలనూ, హైలాండ్ దుస్తులనూ నిషేధించింది. పైపులను కూడా నిషేధించారని ఇక్కడ టూరిస్టు గైడ్లు సైతం చెబుతారు గానీ, ఆ చట్టంలో పైపుల మాటే లేదు. ఆ కథకు ఊతమిచ్చిన ఉదంతం ఒకటి మాత్రం నిజం. తిరుగుబాటు సైన్యంతో పట్టుబడిన జేమ్స్ రీడ్ అనే పైపరు తాను ఆయుధం పట్టలేదని యార్క్ న్యాయస్థానంలో మొరపెట్టుకున్నాడు. పైపు లేకుండా ఏ హైలాండ్ దళమూ కదలలేదనీ, కాబట్టి చట్టం దృష్టిలో పైపు కూడా యుద్ధ సాధనమేననీ చెప్పి 1746 నవంబరులో అతన్ని ఉరితీశారు. దుస్తుల నిషేధం 1782 దాకా కొనసాగింది. విడ్డూరం ఏమిటంటే, ఊళ్ళో కిల్టు కడితే జైలు; బ్రిటిష్ సైన్యంలోని హైలాండ్ రెజిమెంటులో చేరితే అదే యూనిఫారం. అలా ఆ వేషమూ, ఆ వాద్యమూ సైన్యం నీడలో బతికాయి. పైపర్లను ప్రభుత్వ ఖర్చు మీద పెట్టుకోవడానికి హైలాండ్ రెజిమెంట్లకు అధికారికంగా అనుమతి దొరికింది 1854లో. పైపులనూ డ్రమ్ములనూ జతచేసి వరుసల్లో నడిపించే పైప్ బ్యాండు రూపుకట్టింది కూడా దాదాపు ఆ కాలంలోనే. అంటే పైపు చాలా పాతది, పైప్ బ్యాండు మాత్రం సైన్యం కన్న బిడ్డ.

మూడోది వేడుక. 1822లో నాలుగో జార్జి రాజు ఎడిన్‌బరోకు వచ్చినప్పుడు నవలా రచయిత వాల్టర్ స్కాట్ స్వాగత ఏర్పాట్లు చూస్తూ అందరినీ టార్టాన్‌లో రమ్మన్నారు, రాజు గారు కూడా కిల్టు కట్టారు. ఫలానా ఇంటిపేరుకు ఫలానా గళ్ళు అనే పట్టిక చాలావరకు ఆ సందడి తర్వాత బలపడినదే. కాబట్టి మీ పిల్లలకు ఇది బూటకమని చెప్పనక్కరలేదు, వెయ్యేళ్ళదనీ చెప్పనక్కరలేదు. ఏ పొర ఎప్పటిదో చెబితే చాలు.

మీకు వచ్చిన పావడాల మాట. చుట్టూ కుచ్చిళ్ళు ఉన్నాయా, లేక వెనక మాత్రమే ఉన్నాయా చూడండి. అసలు కిల్టుకు ముందు భాగం పలక పరిచినట్టు ఉంటుంది, కుచ్చిళ్ళన్నీ వెనకే, కట్టు కుడివైపు పడుతుంది. దాదాపు ఎనిమిది గజాల ఉన్ని బట్ట అది. కావలిలో ఆగస్టు ఎండకు ఆ ఎనిమిది గజాలు పిల్లల చేత మోయించవద్దని నర్సుగా కూడా చెబుతున్నాను.

సమాధానం: మూలపేట సన్నాయి

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు మూలపేట. తాతల నాటి నుంచి సన్నాయి మా వృత్తి. మీ వంటశాల పెద్దాయనకు నా తరఫున నమస్కారం చెప్పండి, ఆయన పొరబడలేదు. వీధి భాగవతాల్లో పాటకు శృతి పట్టడానికి మేకతోలు తిత్తి ఉండేది. ఊదే గొట్టం ఒకటి, పీక బిగించిన గొట్టం ఒకటి. ఊది చంకలో నొక్కుతూ ఉంటే తెల్లవార్లూ ఒకే నాదం. దానికి స్వరాల రంధ్రాలు ఉండవు, పాట ముఖవీణ మీద నడిచేది. హార్మోనియం వచ్చి దాని నోరు కట్టేసింది, ఆ తర్వాత శృతిపెట్టె హార్మోనియాన్ని కూడా పక్కకు నెట్టింది. కోపం వస్తే 'నీ తిత్తి తీస్తా' అనడం మాత్రం మిగిలింది. తోలు సంచితో ఊదే వాద్యం ఒక్క స్కాట్లండుదే కాదు. బల్గేరియాలో, స్పెయిన్‌లో కూడా ఉంది. స్కాట్లండ్ వారి గొప్పతనం దానిని కనిపెట్టడంలో లేదు, దాని మీద అంత పెద్ద సంగీతం కట్టడంలో ఉంది.

ఈ వాద్యాన్ని మా కళ్ళతో చూస్తే ఎలా ఉంటుందో చెబుతాను. డ్రోన్లు మూడూ ఒకే షడ్జం పలుకుతాయి. చాంటర్ ఆధార షడ్జానికి చిన్న డ్రోన్లు రెండూ ఒక స్థాయి కింద, పెద్దది రెండు స్థాయిలు కింద ఉంటాయి. చాంటర్‌లో తొమ్మిదే స్వరాలు. షడ్జం నుంచి తారషడ్జం దాకా చతుశ్రుతి రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, చతుశ్రుతి ధైవతం, కైశిక నిషాదం. షడ్జం కింద మరొక కైశిక నిషాదం. అంటే అచ్చంగా హరికాంభోజి. అందులోంచి మధ్యమాన్నీ నిషాదాన్నీ వదిలేస్తే మోహనం. పైపు పాటలు వింటుంటే మన చెవికి ఎక్కడో పరిచయం తగులుతుందంటే కారణం ఇదే, వాటిలో ఐదు స్వరాల వరుసలు చాలా ఎక్కువ. చాంటర్ మధ్యమాన్ని షడ్జంగా తీసుకుంటే గ్రహభేదం వల్ల శంకరాభరణం వస్తుంది, అప్పుడు డ్రోను పంచమమై నిలుస్తుంది. కాబట్టి మన దేశభక్తి పాటలు ఎంచుకునేటప్పుడు మాస్టారు గారు ముందుగా చూడవలసింది, పాట ఈ తొమ్మిది మెట్లలో ఇముడుతుందా లేదా అన్నది. ఇమడని పాటను విరిచి ఇరికించవద్దు.

ఎడిన్‌బరో అమ్మాయి గారు చెప్పిన మెక్రిమన్‌ల విద్యలో మా మనసుకు తగిలేది మరొకటి ఉంది. వారు కాగితం మీద స్వరాలు రాసి నేర్పలేదు. గురువు నోటితో హిహారిన్, హోడిన్ అంటూ పలికితే శిష్యుడు పలికి, ఆ తర్వాతే పైపు పట్టేవాడు. ఆ పద్ధతిని కాంటరాక్ అంటారు. మా డోలు విద్వాంసులు తదిగిణతొం అని నోటితో చెప్పి చేతికి ఎక్కించేది కూడా అదే పద్ధతి. మీ పిల్లల చేత ముందు పాటను నోటితో పలికించండి. నోట పలకనిది వేలి కింద పలకదు.

పీకల గురించి ఒక మాట. రీడ్లు బెత్తపు జాతివైతే మన సముద్రపు గాలికి ఉబ్బుతాయి, ఎండకు ముడుచుకుంటాయి. మేము పీకలను డబ్బాలో పెట్టి ఒంటి మీదే ఉంచుకుంటాం. చాంటర్ రీడును బిగించిన చోటే మరిచిపోయి అల్మారాలో పెట్టకండి.

వ్యాఖ్య: కందుకూరు పాఠకుడు

ఇంత చదివాక నాకు ఒక సందేహం మిగిలింది. స్వాతంత్ర్య దినోత్సవం నాడు, మనల్ని పాలించినవారి సైన్యం తెచ్చిన వాద్యాన్ని మన పిల్లల చేత ఊదించవలసిన అవసరం ఏమిటి? సన్నాయి ఉంది, డోలు ఉంది, డప్పు ఉంది. బీటింగ్ రిట్రీట్‌లోనే 2022 నుంచి పాత ఆంగ్ల కీర్తనను తీసివేసి మన పాటలు పెట్టారు గదా.

సమాధానం: పొదిలి మాజీ సైనికుడు

అయ్యా, మీ బాధ నాకు అర్థమవుతుంది గానీ, లెక్క అంత సులువుగా తేలదు. ఇది బ్రిటిష్ సైన్యంతో వచ్చిందన్నది నిజం. 19వ శతాబ్దం రెండో సగంలో వాయవ్య సరిహద్దు కొండల్లో స్కాట్లండ్ రెజిమెంట్ల పక్కన పోరాడిన సిక్కు, గూర్ఖా దళాలు వారి పైపులను విని, తమకూ కావాలని తెచ్చుకున్నాయి. 1897 అక్టోబరు 20న తీరాహ్‌లోని దర్గాయ్ కొండను ఎక్కేటప్పుడు గోర్డన్ హైలాండర్స్ పైపరు జార్జి ఫిండ్‌లేటర్ కాళ్ళకు గుండ్లు తగిలి కూలి, ఒక బండకు ఆనుకుని కూర్చుని పైపు ఆపకుండా వాయించాడు. ఆయనకు విక్టోరియా క్రాస్ ఇచ్చారు. అదే కొండ మీద అదే పోరులో గూర్ఖాలు కూడా ఉన్నారు, వారి నెత్తురు కూడా పారింది. 1915లో లూస్ దగ్గర విషవాయువు కమ్మిన కందకం అంచున నడుస్తూ వాయించిన డేనియల్ లెయిడ్లా గురించీ, 1944 జూన్ 6న నార్మండీ తీరంలో నీళ్ళలోంచి నడిచి వస్తూ ఊదిన బిల్ మిలిన్ గురించీ మా ఉస్తాదు చెప్పేవారు. మాకు అవి పరాయివారి కథల్లా అనిపించలేదు. ఆయుధం లేకుండా ముందు నడిచే మనిషి కథల్లా అనిపించాయి.

సన్నాయితో కవాతు నడవవచ్చు గదా అంటారా, మూలపేట పెద్దలే చెప్పాలి.

సమాధానం: మూలపేట సన్నాయి

నడవగలం, కానీ మా నడక వేరు. మూలస్థానేశ్వర స్వామి ఊరేగింపులో ప్రతి గుమ్మం ముందూ హారతికి ఆగుతాం, రాగం మిగిలి ఉంటే మరికాసేపు అక్కడే నిలబడతాం. కవాతు నడక నిమిషానికి 120 అడుగులు. అక్కడ రాగం కోసం ఎవరూ ఆగరు. డప్పు అయితే ఆ నడకకు చక్కగా ఒదుగుతుంది. కందుకూరు వారి కోరిక తీరాలంటే పైపుల వెనక సైడ్ డ్రమ్ముల పక్కన రెండు డప్పులు పెట్టి చూడండి, నాకు అభ్యంతరం లేదు. హవల్దారు గారికి ఉండవచ్చు.

సమాధానం: ఒంగోలు ఆడపడుచు, ఎడిన్‌బరో

ఒక చిన్న చేర్పు. పైప్ బ్యాండు ఇక్కడ కూడా ఎప్పుడో సైన్యం గేటు దాటి ఊళ్ళోకి వచ్చేసింది. గ్లాస్గో పోలీసు పైప్ బ్యాండు మూలాలు 1883 నాటి గోవన్ పట్టణ పోలీసు బ్యాండులో ఉన్నాయి. బొగ్గు గనుల ఊళ్ళు, పాఠశాలలు కూడా బ్యాండులు కట్టాయి. ప్రతి ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో ప్రపంచ పోటీలు జరుగుతాయి. అక్కడ బ్యాండు వలయంగా నిలబడి, ప్రేక్షకులకు వీపు చూపిస్తూ వాయించడం నాకు మొదట మర్యాదలేని పనిగా తోచింది. ఒకరి శృతి ఒకరు వినడానికే అలా నిలబడతారని తర్వాత తెలిసింది. మాస్టారు గారూ, సాధనలో మీ పిల్లలను కూడా వలయంగా నిలబెట్టి చూడండి. మన దేశంలో జాతీయ స్థాయి పాఠశాల బ్యాండు పోటీలో బాలికల పైప్ బ్యాండుకు వేరే విభాగమే ఉంది. మీ ఎనిమిదిమందిలో ఆడపిల్లలు ఎంతమంది?

తిరుగు సమాధానం: కావలి వ్యాయామ ఉపాధ్యాయుడు

అందరికీ కృతజ్ఞతలు. మూడు వారాల తర్వాత రాస్తున్నాను. ముందుగా అమ్మాయి గారి ప్రశ్నకు జవాబు: ఒక్కరూ లేరు, తప్పు నాదే. ఇప్పుడు చాంటర్ సాధనకు పన్నెండుమందిని తీసుకున్నాను, వారిలో ఐదుగురు ఆడపిల్లలు. ఇంతవరకు వేళ్ళు అందరికన్నా ముందు కుదిరింది వారిలో ఒకమ్మాయికే.

ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కే ఒకాయన చేత బిరడాలు చేయించాను. స్టాకు కొలత ఇస్తే గంటలో నాలుగు చెక్కి ఇచ్చి, ఇది దేనికని మూడుసార్లు అడిగారు. ఎనిమిది సంచులనూ హవల్దారు గారు చెప్పినట్టు పరీక్షించగా మూడింటిలో గాలి నిలవలేదు, ఒకదాని కుట్టు బొటనవేలు దూరేంత విడిపోయి ఉంది. ఆయాసపడిన పిల్లవాడిది సరిగ్గా ఆ సంచే. వాడికి క్షమాపణ చెప్పాను. ఆగస్టు 15కు డ్రమ్ములు మాత్రమే నడుస్తాయనీ, పైపులు జనవరి 26కు చూద్దామనీ కరస్పాండెంటు గారికి నచ్చజెప్పడానికి రెండు రోజులు పట్టింది. పావడాలు వెనక్కి పంపలేకపోయాము. సంచులకు తొడుగులు కుట్టించమని దర్జీకి ఇచ్చాను. భుజం మీదికి పాటూరు నేత ఉత్తరీయం వేద్దామని ఆలోచన. డప్పుల సంగతి హవల్దారు గారు వచ్చే ఆదివారం కావలి వచ్చినప్పుడు తేలుస్తామన్నారు.

నిన్న సాయంత్రం గాలి నిలిచిన సంచి ఒకటి తీసుకుని, చాంటర్ స్టాకుకు బిరడా బిగించి, డ్రోన్లు మూడూ కలిపి వంటశాల పెద్దాయన చేతికి ఇచ్చాను. ఆయన నోరు కడుక్కుని వచ్చి, చంకలో సర్దుకుని, ఊది నొక్కారు. చాంటర్ లేదు గనుక పాట లేదు, నాదం ఒక్కటే వచ్చింది. అన్నానికి వరుసలో నిలబడిన పిల్లలు కంచాలు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. ఆయన కళ్ళు మూసుకుని ఐదు నిమిషాల దాకా ఆపలేదు. దించాక ఎలా ఉందని అడిగితే, "నాదం అదే సారూ, మేకతోలు వాసనే లేదు" అన్నారు.